వెడల్పు టైరు కాదు, రిమ్ముకు జత కుదిరిన టైరు కావాలి

ఈసారి పోస్టు ఉగాది వేడుక గురించి కాదు, సభ్యత్వ చందా గురించీ కాదు. కారు టైర్ల గురించి. తెలుగు సంఘానికీ టైర్లకీ ఏం సంబంధం అని నవ్వుకోకండి. పోయిన కమిటీ సమావేశంలో గంటసేపు అరుచుకున్నది దీని మీదే. ఆ రోజు మాకు మాట్లాడే సందు దొరకలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

జరిగింది రాని వాళ్ల కోసం చెబుతాం. మనం ఆరు కార్లలో కోయంబత్తూరు నుంచి వాల్పారై బయలుదేరాం. ఆళియారు దాటాక 40 హెయిర్‌పిన్ మలుపులు. మూడో కారు మన సభ్యుడొకరి అబ్బాయిది, టర్బో ఇంజను ఉన్న సెడాన్. వెనక సీట్లో వాళ్ల అవ్వ, ఇంకో ఇంటి పిల్లలిద్దరు. ఒక మలుపులో ముందు చక్రం గుంతలో పడింది. టైరు పగల్లేదు, కోసుకుపోలేదు. రిమ్ము అంచు నుంచి ఊడి జారి, ఒక్కసారిగా గాలి మొత్తం పోయింది. అదృష్టం, బండి మెల్లగా ఉంది, కొండ వైపు ఒరిగి ఆగింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు అన్న బ్రేకు కొట్టి, కిందికి దిగి చెయ్యందించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అవ్వ మాత్రం ఆ రోజంతా నోరు విప్పలేదు.

తర్వాత సమావేశంలో పెద్దలు ఒకటే మాట: మార్పులు చేసిన కార్లను సంఘం ప్రయాణాలకు రానివ్వకూడదు. కుర్రాళ్లు ఒకటే మాట: గుంతలో పడితే ఎవరి టైరైనా పోతుంది, మా బండ్లంటే మీకు పడదు. రెండు వైపులా గొంతు లేచింది. కానీ ఆ టైరు సైజెంత, రిమ్ము వెడల్పెంత అని ఒక్కరూ అడగలేదు. జవాబంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది.

ఆ కారుకు కంపెనీ ఇచ్చిన టైరు 205/55 ఆర్ 16, రిమ్ము 6జె. అబ్బాయి దాన్ని తీసేసి 17 అంగుళాల, 8.5జె వెడల్పున్న అల్లాయ్ వేయించాడు. దాని మీద 205/45 ఆర్ 17 టైరు సాగదీసి ఎక్కించారు. ఈ సైజుకు టైరు కంపెనీల పట్టికల్లో ఒప్పుకునే రిమ్ము వెడల్పు 6.5 నుంచి 7.5 అంగుళాలు. అంటే పై హద్దు కంటే ఇంకో అంగుళం ఎక్కువ. షాపులో "బాగా సెట్టవుతుంది, లుక్కు అదిరిపోతుంది" అన్నారట. లుక్కు అదిరింది నిజమే. ఆ మలుపులో మన గుండెలూ అదిరాయి.

ఈ అంకెలు చాలామందికి అర్థం కావు. తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి. రిమ్ము మీద 7జె అని ఉంటే, టైరు అంచులు కూర్చునే రెండు చోట్ల మధ్య దూరం 7 అంగుళాలని అర్థం. బయటి అంచు నుంచి అంచుకు కొలిస్తే అంతకంటే ఎక్కువే వస్తుంది, అది లెక్క కాదు. జె అనేది అంచు ఆకారానికి గుర్తు. టైరు మీద 205 అంటే ఒక పక్క గోడ నుంచి రెండో పక్క గోడ వరకు 205 మిల్లీమీటర్లు. రోడ్డును తాకే ముఖం వెడల్పు కాదది. పైగా ఆ కొలత కూడా ఒక నిర్ణీత రిమ్ము మీద ఎక్కించి తీసింది. 205/55 ఆర్ 16 కి ఆ కొలత రిమ్ము 6.5 అంగుళాలు, 225/45 ఆర్ 17 కి 7.5 అంగుళాలు.

రిమ్ము అర అంగుళం మారితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు మారుతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే చాలా మోజులు వాటంతటవే తగ్గుతాయి. ఇంకో కుర్రాడు 6.5జె రిమ్ము మీద 225/45 ఆర్ 17 వేసుకుని తిరుగుతున్నాడు. ఆ టైరుకు ఒప్పుకునేది 7 నుంచి 8.5 అంగుళాలు. కొలత రిమ్ము కంటే అంగుళం తక్కువ కాబట్టి అది నిజానికి 215 దగ్గరే ఉంటుంది. 225 కి డబ్బులిచ్చి 215 ఇంటికి తెచ్చుకున్నట్టు. అదైనా సరిగ్గా పనిచేస్తుందా అంటే అదీ లేదు. పక్క గోడలు బయటికి ఉబ్బుతాయి, ముఖం నడిమి పైకి లేస్తుంది, నడిమే ముందు అరుగుతుంది. స్టీరింగ్ తిప్పితే ముందు రిమ్ము కదులుతుంది, తర్వాత గోడ వంగుతుంది, ఆ తర్వాత టైరు రోడ్డును పడుతుంది. పవరున్న బండికి కావలసింది చెప్పగానే తిరగడం. ఇక్కడ అదే పోతోంది.

సాగదీసిన టైరుది ఇంకో రకం చిక్కు. గోడ రిమ్ము వైపు ఏటవాలుగా వంగి, రిమ్ము అంచు బయటపడుతుంది. గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే. గోడకు వంగే చోటు లేక బండి కుదుపుతుంది. ఆ కుదుపు తట్టుకోలేక గాలి తగ్గిస్తారు. మన అబ్బాయీ అదే చేశాడు. సాగదీసిన టైరును రిమ్ము మీద పట్టి ఉంచేది గాలి ఒత్తిడే. దాన్నే తగ్గిస్తే, మలుపులో పక్కకు లాగినప్పుడు అంచు ఊడడానికి ఒక గుంత చాలు. కాబట్టి "గుంతలో ఎవరికైనా పోతుంది" అన్న మాట సగమే నిజం. అదే గుంతలో ముందున్న రెండు కార్లూ పడ్డాయి, వెళ్లిపోయాయి.

అందరూ వదిలేసిన మాట ఇంకొకటి ఉంది, బరువు. కంపెనీ టైరు మీద 91 అని ఉంది. అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు. 205/45 ఆర్ 17 మామూలు రకంలో 84, అంటే 500 కిలోలు. గట్టి రకం తీసుకున్నా 88, అంటే 560. అయిదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెట్టి, ఘాట్ దిగుతూ బ్రేకు నొక్కితే బరువంతా ముందుకు వస్తుంది. ఆ తేడా షోకు ఫొటోలో కనపడదు. పైగా ఈ టైరు మొత్తం ఎత్తు పాతదాని కంటే సుమారు 16 మిల్లీమీటర్లు తక్కువ, స్పీడోమీటరు కూడా ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది.

కుర్రాళ్ల వైపు న్యాయం కూడా చెప్పాలి. రిమ్ము మార్చకూడదని నిబంధన ఉన్న పోటీల్లో సన్న రిమ్ము మీద వెడల్పు టైరు వేసి కొందరు సెకన్లు మిగుల్చుకుంటారు, నిజమే. మన ఊళ్లో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది, అక్కడ చూసినవాళ్లు ఈ మాట అంటారు. కానీ ట్రాక్ మీద గుంతలుండవు, వెనక సీట్లో అవ్వ ఉండదు, రెండు మూడు రౌండ్లకోసారి గాలి చూస్తారు. అది ఒక రోజు పని. మనది రోజూ పని, వానల్లో పని. నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు వెడల్పయ్యే కొద్దీ తేలిపోయే గుణం పెరుగుతుందన్నదీ మరవకూడదు.

వెడల్పు పెంచుకోవాలన్న కోరిక తప్పు కాదు. జత కుదరాలి, అంతే. అదే కారుకు 17 అంగుళాలే కావాలంటే 7జె రిమ్ముకు 205/50 ఆర్ 17, లేదా 7.5జె రిమ్ముకు 225/45 ఆర్ 17 చూసుకోవచ్చు. రెండింటి ఎత్తూ పాత టైరుకు ఒక శాతం లోపు తేడాలోనే ఉంటుంది. చురుకు కావాలంటే ఒప్పుకునే పరిధిలో మధ్య నుంచి కొంచెం పై వైపు ఉండే రిమ్ము మేలు, హద్దు దాటనక్కర్లేదు. ఆఫ్‌సెట్ కూడా చూడాలి. ఆఫ్‌సెట్ మారకుండా రిమ్ము అర అంగుళం పెరిగితే లోపలికి 6, బయటికి 6 మిల్లీమీటర్లకు పైనే వస్తుంది. లోపల సస్పెన్షన్‌కు, బయట ఫెండరుకు తగలకూడదు. ఇక చట్టం ఉండనే ఉంది. కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. ఆ కారుకు కంపెనీ అనుమతించిన సైజుల్లో ఉందో లేదో యజమాని పుస్తకంలో చూసుకున్నాకే డబ్బు తీయండి.

మన తాతలు ఈ ఊరికి వచ్చి ఫౌండ్రీల్లో, పంపు కంపెనీల్లో, లేతుల ముందు నిలబడి బతికినవాళ్లు. తెలుగింటి జి.డి.నాయుడు గారు బస్సుతో మొదలుపెట్టి ఎన్ని యంత్రాలు చేశారో ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొలత తప్పితే పని తప్పుతుందని నేర్పిన ఇళ్లు మనవి. పెళ్లి పరిచయ వేదికలో ముప్పై ఆరు సంగతులు అడిగి గాని సంబంధం కలపం. టైరుకూ రిమ్ముకూ మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగం!

కాబట్టి కమిటీ ముందు మా మాట ఇది. మార్పులు చేసిన కార్లన్నీ వద్దనడం అన్యాయం. కొలత ప్రకారం చేసుకున్న పిల్లల్ని, కొలత లేకుండా చేసిన వాళ్లతో కలిపి శిక్షించినట్టవుతుంది. దానికి బదులు, వేరే ఇంటి పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకునే ప్రతి కారుకూ నాలుగు సంగతులు రాసిద్దాం: టైరు సైజు, రిమ్ము వెడల్పు, బరువు అంకె, బయలుదేరే ఉదయం చల్లటి టైరులో గాలి. కొత్త కారైనా పాత కారైనా, కమిటీ పెద్దల కార్లైనా సరే. పరిధిలో ఉంటే రండి. లేకపోతే మీ బండి మీ ఇష్టం, మా అవ్వలు మాత్రం వేరే కారెక్కుతారు.

ఆ అబ్బాయితో మాట్లాడాం. మొదట ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత రిమ్ము వెనక అచ్చులో ఉన్న 8.5జె తనే టార్చి వేసి చదివి, "ఇది ఎవరూ చెప్పలేదు మామా" అన్నాడు. ఇకమీదట అలా అనే అవసరం మన సంఘంలో ఏ పిల్లాడికీ రాకూడదు. వచ్చే సమావేశంలో ఈ నాలుగు సంగతుల ప్రతిపాదన పెడుతున్నాం. వచ్చేటప్పుడు మీ బండి రిమ్ము మీద అంకె చూసి రండి.