డాక్టరుగారి చాదస్తం... ఖర్చు ఎవరి ఖాతాలో?

"మీ మావయ్యగారి మీద ఓ నవల రాయొచ్చండీ!"

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బీసెంట్ రోడ్డులో చీరల కొట్లో... ఎవరో ఒకరు ఆపి మరీ చెబుతారు. జ్వరమని వెళితే మూడు రోజులుగా ఏం తిన్నారో వరసగా అప్పజెప్పమనేవారట. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చేదాకా బెంచీ మీద కూర్చోబెట్టేవారట. "సూది వెయ్యండి డాక్టరుగారూ" అని అడిగినావిడతో "సూది కుట్టుమిషనుకి కావాలి, నీకక్కర్లేదు పో" అన్నారట. చెబుతున్నంతసేపూ వాళ్ల మొహాలు వెలిగిపోతుంటాయి.

ఆయన తండ్రిగారిది ఇంకా చోద్యం. దివిసీమలో ఎల్.ఎం.పి. డాక్టరు. ఫీజు అడగటం ఆయనకి నామోషీ, ఇవ్వకపోతే కోపం! అర్ధరాత్రి పడవ దాటి వెళ్లి కాన్పు చేసి, గుమ్మడికాయ భుజాన వేసుకుని తెల్లారి ఇంటికొచ్చేవారని చెప్పుకుంటారు. ఇక మూడోతరం మావారు. ఎన్ని స్కానింగులు తెచ్చి ముందు పెట్టినా, చెయ్యి పట్టుకుని నాడి చూడందే నోరు విప్పరు.

నిజమే, నవలకి కావలసిన సరుకంతా ఉంది. ఈ కథలు నాకూ ఇష్టమే. కానీ ఆ నవల ఎవరైనా రాస్తే వాళ్లని ఒకటి అడగాలని ఉంది. బాబూ, మీ కథ వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతుందా? పెరటి గుమ్మం దాకా వస్తుందా?

పెరట్లో నడిచిన ఓపీ

సూర్యారావుపేటలో మావయ్యగారు ప్రాక్టీసు పెట్టినప్పుడు కింద ఆస్పత్రి, పైన కాపురం. గాజు సిరంజిలు, సూదులు మరిగింది మా అత్తయ్య వంటింటి పొయ్యి మీదే. కాంపౌండరు రాని రోజున పొడి మందుల పొట్లాలు కట్టింది ఆవిడే. మిక్చరు సీసాలకి మోతాదు గుర్తుల కాగితాలు కత్తిరించి అన్నం మెతుకుతో అంటించిందీ ఆవిడే. పొద్దున్నే బోర్డు తుడవటం సరే సరి. పల్లెటూళ్ల నుంచి బస్సు దిగి వచ్చినవాళ్లని "ఖాళీ కడుపుతో మాత్ర మింగితే ఎలాగయ్యా, ముందు రెండు ముద్దలు తిను" అని డాక్టరుగారు పైకి పంపేవారు. పేరు డాక్టరుగారిది. ముద్దలు మాత్రం అత్తయ్యవి!

అసలు సంగతి ఇంకోటుంది. ఆడవాళ్లు వీధి వైపు నుంచి వచ్చి "తలనొప్పండీ" అని చెప్పి, మందు పుచ్చుకుని, వెనక్కి తిరిగి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేవారు. అసలు జబ్బు అక్కడ చెప్పేవారు. తెల్లబట్ట అవుతోందనో, నెల తప్పి మళ్లీ అయిందనో, ఆయన కొడితే చెవి వినపడటం లేదనో. అత్తయ్య అంతా విని, రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారికి చెప్పేది. మర్నాడు ఆయన ఆ మనిషిని చూడగానే సరైన మందు రాసేవారు. "మొహం చూసి జబ్బు చెప్పేస్తారండీ, దేవుడు!" అని ఊరంతా అనుకునేది. దేవుడికి ఆ కబురు మోసినదెవరో ఎవరికీ పట్టలేదు.

నవలల్లో మన డాక్టర్లు

నేను చదివింది ఎం.ఏ. తెలుగు. డాక్టరింటికి డాక్టరు కాని కోడలు వచ్చిందని ఏడాది పాటు సాధింపులు పడ్డదాన్ని. ఆ కసితోనో ఏమో, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో డాక్టరు కథ ఏది కనిపించినా కొనేదాన్ని. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' మనందరం చదివిందే, 1964లో అది 'డాక్టర్ చక్రవర్తి' సినిమాగా వస్తే కళ్లొత్తుకుంటూ చూసిందే. స్వయంగా డాక్టరైన కొమ్మూరి వేణుగోపాలరావు 'హౌస్ సర్జన్' రాశారు. మరో డాక్టరు పి. శ్రీదేవి 1950ల చివర్లో 'కాలాతీత వ్యక్తులు' రాశారు. 1961లో చిన్నవయసులోనే పోయారు పాపం. ఆవిడ నవలలో మెడిసిన్ చదివే ప్రకాశం దేవుడేం కాదు. మంచివాడే, కానీ ధైర్యం చాలనివాడు. ఆ వృత్తిని లోపల్నుంచి చూసినావిడ కాబట్టి తెల్లకోటుకి దణ్ణం పెట్టలేదు.

కానీ తరాల తరబడి వైద్యం చేసే ఇంటి కథ అనగానే నాకు గుర్తొచ్చేది బెంగాలీ 'ఆరోగ్య నికేతన్'. తారాశంకర్ బందోపాధ్యాయ 1953లో రాశారు. 1956లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తాత, తండ్రి, తను... మూడు తరాల నాడీ వైద్యం. జీవన్ మశాయ్ నాడి పట్టుకుని, చావు ఎంత దూరంలో ఉందో చెప్పెయ్యగలడు. సొంత కొడుకు బతకడని కూడా అలాగే ముందుగా చెబుతాడు. ఆ మాటని భార్య ఆతర్ బౌ జన్మలో క్షమించదు. మొదటిసారి చదివినప్పుడు ఆవిడ నాకు వట్టి గయ్యాళిలా కనిపించింది. అంత గొప్ప మనిషి ఇంట్లో ఇలాంటి నోరేమిటమ్మా అనుకున్నాను.

రెండోసారి చదివింది అత్తయ్య పక్కన ఆస్పత్రిలో కూర్చుని.

డాక్టరింట్లో జబ్బు

అత్తయ్యకి కాలి మీద పుండు పడి నెలైనా మానలేదు. పరీక్ష చేయిస్తే షుగరు. ఎన్నాళ్ల నుంచి ఉందో మరి! ఇంట్లో భర్త డాక్టరు, కొడుకు డాక్టరు. ఊళ్లో వాళ్లు మూడు రోజులుగా ఏం తిన్నారో అడిగిన మనిషి, ఎదురుగా కూర్చుని వడ్డించే మనిషిని "నువ్వు తిన్నావా?" అని అడగలేదు. ముందే ఎందుకు చెప్పలేదత్తయ్యా అంటే, "ఏం చెప్పను? నీరసం అంటే నవ్వుతారు, నొప్పంటే మాత్ర విసురుతారు. వాళ్ల బుర్ర రోగుల మీద ఉంటుంది కదే" అంది. కోపంగా కాదు, మామూలుగా చెప్పింది. నాకు అదే ఎక్కువ బాధేసింది.

ఆ రాత్రి ఆతర్ బౌ నాకు గయ్యాళిలా కనిపించలేదు.

మావయ్యగారిని తక్కువ చెయ్యాలని కాదు ఇదంతా. ఇప్పటి పెద్దాస్పత్రుల్లో టోకెను నంబరు పిలిచేదాకా రెండు గంటలు, లోపల రెండు నిమిషాలు. అక్కడ ఏ డాక్టరుకీ చాదస్తం ఉండదు, ఉండటానికి టైముండాలిగా! చాదస్తం అంటే మరేం కాదు, ఒక రోగి దగ్గర అవసరానికి మించి కాసేపు ఆగటం. అందుకే జనం ఇప్పటికీ ఆ కథలు చెప్పుకుంటున్నారు. కాకపోతే ఆ "కాసేపు" ఆకాశం నుంచి ఊడిపడలేదు. వంటింట్లో ఎవరో ఒకరు తమ రోజంతా ఇస్తే వచ్చింది. అది కూడా లెక్కలో రాయమంటున్నాను, అంతే.

రాయదలుచుకుంటే మన ప్రాంతంలో దారి చూపించినవాళ్లున్నారు. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో ఆడవాళ్ల జీవితాలన్నీ ఏరి కూర్చారు. 1905లో ఆవిడ పోయారు. మరుసటేడు పుట్టిన తమ్ముడి కూతురికి అదే పేరు. ఆ డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ విజయవాడలో ప్రాక్టీసు చేశారు. తల్లుల కోసం తెలుగులో 'ప్రసూతి - శిశుపోషణ' రాశారు. 1957లో ఇక్కడి నుంచే లోక్‌సభకి వెళ్లారు. మేనత్త ఆడవాళ్ల కథ రాసింది, మేనకోడలు ఆడవాళ్లకి వైద్యం చేసింది. ఇద్దరిదీ ఒకటే పని, ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోవటం.

నాలుగో తరం మాటేమిటి?

ఈ ఏడు మా అమ్మాయి పదో తరగతి పాసైంది. చుట్టాలందరిదీ ఒకటే మాట. "బైపీసీలో చేర్చి, నీట్ కోచింగుకి హాస్టల్లో పడెయ్యండి. నాలుగో తరం! బోర్డు కూడా మార్చక్కర్లేదు." అమ్మాయేమో హిస్టరీ చదువుతానంటుంది. మావారు అటూ ఇటూ తేల్చరు. నిజం చెప్పొద్దూ, నేనూ ఊగిసలాడాను. డాక్టరు కాని కోడలిగా నేను పడ్డ మాటలు అది పడకూడదనిపించింది. కానీ ఆ భయంతో పిల్లని డాక్టర్ని చేస్తే, నన్ను సాధించినవాళ్ల మాటే నెగ్గినట్టు కాదూ?

చివరికి తేల్చింది అత్తయ్యే. మంచం మీద నుంచే అంది, "దానికి ఇష్టమైతే చదువుతుంది. ఇంటికి బోర్డుందని చదవక్కర్లేదు. ఆ బోర్డు తుడవటానికి నేను చేసింది చాలు."

ఎవరూ మారు మాట్లాడలేదు. అమ్మాయిని హెచ్.ఇ.సి.లో చేర్చాం.

అందుకే రచయితలకీ, రచయిత్రులకీ నా మనవి. వింత డాక్టర్ల కథలు తప్పకుండా రాయండి. గుమ్మడికాయా రాయండి, కుట్టుమిషను సూదీ రాయండి. హాయిగా నవ్వుకుంటాం. కానీ ఒక్కసారి పెరటి వైపు కూడా వెళ్లి రండి. అక్కడ ఒకావిడ పొయ్యి మీద సిరంజిలు మరిగిస్తూ, గుమ్మంలో నిలబడ్డ ఇంకొకావిడ గోడు వింటుంటుంది. ఆవిడ పేరు కూడా అడగండి.

మీ ఇంట్లో కూడా అలాంటి గొప్పాయన ఒకరు ఉండే ఉంటారు. డాక్టరే కానక్కర్లేదు. ప్లీడరో, మేష్టారో, సంగీతం పంతులో ఎవరైనా సరే. ఈసారి ఆయన కథ ఎవరైనా చెబుతుంటే, పక్కన కూర్చున్న ఆవిడ మొహం కూడా ఓసారి చూడండి.