రొమ్ము క్యాన్సర్‌: చంక గ్రంథులన్నీ తీయాల్సిందేనా?

రొమ్ము క్యాన్సర్‌ పాకితే సాధారణంగా ముందుగా చేరేది చంకలోని లింఫ్‌ గ్రంథులకే. అందుకే ఒకప్పుడు తొలిదశలోనూ వాటిలో చాలావరకు తీసేసేవారు. అలా తీసినవారిలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. భుజం బిగుసుకుపోవడం, తిమ్మిరి అదనం.

సెంటినెల్‌ నోడ్‌ బయాప్సీ అంటే?
కణితి వైపు నుంచి లింఫ్‌ ద్రవం మొదట చేరే గ్రంథులే సెంటినెల్‌ నోడ్స్‌. అంటే కాపలా గ్రంథులు. రొమ్ములోకి నీలిరంగు మందు లేదా స్వల్ప రేడియోధార్మిక పదార్థం ఎక్కించి వాటిని గుర్తిస్తారు. ఆ కొద్ది గ్రంథులనే తీసి పరీక్షిస్తారు. క్యాన్సర్‌ లేకపోతే మిగతావాటి జోలికి వెళ్లరు.

ప్రాణాపాయం పెరగదా?
అమెరికా, కెనడాల్లో 5,611 మంది మహిళలపై జరిగిన ఎన్‌ఎస్‌ఏబీపీ బీ-32 అధ్యయనం ఫలితాలు 2010లో వెలువడ్డాయి. కాపలా గ్రంథుల్లో క్యాన్సర్‌ లేనివారికి మిగతావి తీసినా, తీయకున్నా ప్రాణాలు దక్కే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి చిక్కెక్కడ?
రేడియోధార్మిక పద్ధతికి న్యూక్లియర్‌ మెడిసిన్‌ విభాగం, గామా ప్రోబ్‌ కావాలి. ఇవి అన్ని ఆస్పత్రుల్లో ఉండవు. అందుకే మన దేశంలో వైద్యులు మిథిలీన్‌ బ్లూ, ఫ్లోరెసిన్‌ అనే చౌక రంగులను కలిపి వాడి చూశారు. ఫ్లోరెసిన్‌ నీలికాంతిలో మెరుస్తుంది. దీనికి భారీ యంత్రం అక్కర్లేదు.

ఏం అడగాలి?
గ్రంథులకు క్యాన్సర్‌ పాకినట్లు ముందే తేలితే చికిత్స వేరుగా ఉండొచ్చు. అందుకే ఆపరేషన్‌కు సంతకం చేసేముందే సర్జన్‌ను అడగండి: ‘నాకు సెంటినెల్‌ బయాప్సీ సరిపోతుందా? ఇక్కడ చేస్తారా? లేదంటే ఎక్కడికి రిఫర్‌ చేస్తారు?’ తీసేసిన గ్రంథులను మళ్లీ పెట్టలేరు.