ఒకటిని ఒకటితో గుణిస్తే త్రిత్వమా?

“తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిపితే ముగ్గురు కదా, దేవుడు ఒక్కడెలా?” అని ఎవరైనా అడిగితే మన సభల్లో ఒక జవాబు నేర్పుతున్నారు: కలపకు, గుణించు; 1×1×1=1. చప్పట్లు మోగుతాయి. ఈ జవాబు మానేద్దాం.

గుణకారంలో ఒక 1 తీసేసినా తేడా రాదు. మరి కుమారుణ్ణి తీసేసినా తేడా లేదా? ఇంకో పది చేర్చినా ఒకటే. గుంటూరు యార్డులో మూడు మిర్చి టిక్కీలు దించి, గుణిస్తే ఒకటే అంటే కాటా వేసేవాడు నవ్వడా?

లెక్కలు పనికిరావని కాదు. జర్మనీ గణితవేత్త కాంటర్ సిద్ధాంతంలో 1, 2, 3 అని సాగే సంఖ్యలెన్నో, వాటిలోని సరిసంఖ్యలూ అన్నే. ఈ అనంతం గురించి ఆయన 1886లో కార్డినల్ ఫ్రాంజెలిన్‌కు ఉత్తరాలు రాశాడు. అనంతం దగ్గర టిక్కీల లెక్క చెల్లదని అది మనకు చూపుతుంది. అంతవరకే. త్రిత్వాన్ని రుజువు చేయదు. సంఖ్యల్లో భాగాలున్నాయి, దేవునిలో లేవు.

మన ఆధారం వాక్యమే. మత్తయి 28:19లో ప్రభువు ముగ్గురినీ పేర్కొన్నాడు, నామము మాత్రం ఏకవచనం. పిల్లలకు అది నేర్పండి. కాలేజీలో తోటి కుర్రాడు ఒక్క ప్రశ్నతో పడగొట్టే జవాబు మీద వాళ్ల విశ్వాసాన్ని నిలబెట్టకండి. ఆమేన్.