పాటలో గుయ్... మట్టిలో గుట్టు

అనంతపురంలో ఓ రిటైర్డ్ మాస్టారి ఇల్లు అనుకుందాం. ముందుగదిలో ముప్ఫై ఏళ్లనాటి యాంప్లిఫయర్, దానికి అటూ ఇటూ రెండు పెద్ద స్పీకర్లు. క్యాసెట్లు ఎప్పుడో మూలపడ్డాయి. పెట్టె గొంతు మాత్రం ఇంకా బాగానే ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పండక్కి వస్తూ అరచేతిలో పట్టే రెండు చిన్న పెట్టెలు తెచ్చాడు. తీగలన్నీ కలిపి, ఫోన్లో 'మల్లీశ్వరి' పాట నొక్కాడు. పాట మొదలైంది. దాని వెనకే 'గుయ్...' అంటూ తుమ్మెద రొద!

'ఏమిరా, ఇంత దుడ్డు పెట్టి తెచ్చింది ఈ రొద వినేదానికా?' అన్నారు మాస్టారు.

పక్కింటాయన వచ్చి చూసి, 'యాంప్లిఫయర్ ప్లగ్గుకున్న మూడో పిన్ను పీకేయండి, రొద పోతుంది' అని సలహా ఇచ్చాడు. కొడుకు పట్టకారు కోసం లేచాడు. ఆగాల్సింది సరిగ్గా అక్కడే!

ఒకటి తెచ్చేది... ఒకటి పలికించేది

ఆ రెండు పెట్టెల్లో మొదటిది స్ట్రీమర్. వైఫై ద్వారా ఇంటర్నెట్ నుంచి పాటను అంకెల రూపంలో తెచ్చివ్వడం దాని పని. రెండోది డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ముద్దుగా 'డాక్' అంటారు. ఆ అంకెలను యాంప్లిఫయర్‌కి అర్థమయ్యే విద్యుత్ తరంగంగా మార్చడం దీని పని. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ లెక్కే తీసుకుంటే, సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాసిన అంకెలవి. ఒక్కో కొలతకు 65,536 మెట్లు. వాటిని వరస తప్పకుండా, వేళ తప్పకుండా మళ్లీ శబ్దంగా అల్లాలి.

నిజానికి డాక్ లేని ఇల్లు లేదు. మాట వినిపించే ప్రతి ఫోన్లోనూ, టీవీలోనూ అది ఉంటుంది. స్ట్రీమర్లలో కూడా చాలావాటిలో ఉంటుంది. మరి విడిగా ఎందుకు? ఒక కారణం, స్ట్రీమర్ సొంత డాక్ నాసిరకమైతే శబ్దంలో తేడా తెలుస్తుంది. అంతకన్నా పెద్ద కారణం ఆయుష్షు. స్ట్రీమర్ సాఫ్ట్‌వేర్ మీద బతుకుతుంది. యాప్ మారితే, కంపెనీ వదిలేస్తే అది పాతబడిపోతుంది. 2015లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియోను గూగుల్ 2019 నాటికే ఆపేసింది. డాక్‌కి ఆ గొడవ లేదు. అంకెలు ఎవరిచ్చినా పుచ్చుకుంటుంది. విడిగా ఉంటే రేపు స్ట్రీమర్ ఒక్కటీ మార్చుకుంటే చాలు.

అలాగని అద్భుతాలు ఆశించకూడదు. 1951 నాటి 'మల్లీశ్వరి' పాటలు ఒకే చానల్‌లో రికార్డయినవి. అప్పటి మైకు పట్టుకోని శబ్దాన్ని ఏ డాక్ కూడా పుట్టించలేదు. చేతిలో డబ్బు కొంచెమే ఉంటే మొదట ఖర్చు పెట్టాల్సింది స్పీకర్ల మీద. డాక్ సంగతి ఆ తర్వాతే.

రొద ఎక్కడిది?

మాస్టారి ఇంట్లో తప్పు డాక్‌ది కాదు. టీవీ మాటలు కూడా పెద్ద స్పీకర్లలో రావాలని కొడుకు స్ట్రీమర్‌ని టీవీకి కలిపాడు. టీవీకి మిద్దె మీది డిష్ తీగ ఉంది. యాంప్లిఫయర్‌కి గోడలోని ఎర్త్ ఉంది. రెండు దారుల్లో నేలకు దిగిన తీగలు మధ్యలో స్ట్రీమర్, డాక్‌ల ద్వారా కలిసి ఒక వలయమయ్యాయి. అందులో తిరిగే కొద్దిపాటి కరెంటే స్పీకర్‌లో 'గుయ్' అంటుంది.

దొంగను పట్టడం కష్టం కాదు. యాంప్లిఫయర్ వెనక తీగలన్నీ తీసేసి వినాలి. అప్పటికీ రొద ఉంటే జబ్బు యాంప్లిఫయర్‌దే. పాతబడిన కెపాసిటర్లు మార్పించాలి. రొద ఆగిపోతే తీగలు ఒక్కొక్కటే తిరిగి పెడుతూ రావాలి. ఏది పెట్టగానే మొదలైతే దారి అదే.

దీనికి మందు కూడా ఉంది... ఆప్టికల్ కేబుల్. 1983లో తోషిబా కంపెనీ తెచ్చిన పద్ధతి. ఇందులో పాట వెలుగు రూపంలో వెళుతుంది. తీగలో లోహమే ఉండదు కాబట్టి కరెంటు దాటే దారే లేదు. స్ట్రీమర్‌కీ డాక్‌కీ మధ్య మామూలు తీగ తీసి ఇది పెడితే టీవీ వైపు నుంచి వచ్చే రొద అక్కడే ఆగిపోతుంది. విడి డాక్ వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి.

మూడో పిన్ను జోలికి మాత్రం వెళ్లకూడదు. అది పీకినా రొద పోవచ్చు. కానీ లోపల కరెంటు తీగ ఊడి పెట్టెకు తగిలిన రోజున ఆ ఇనుప మూత మీద చెయ్యి వేసేది మనవరాలే కావచ్చు!

నీళ్లు తాగే గొయ్యి

ఈ సీమలో దీనికి ఇంకో మెలిక ఉంది. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురానికి ఏడాది మొత్తం మీద వచ్చే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఎర్త్ తీగ దిగేది ఆ మట్టిలోకే. మట్టి తడిగా ఉంటేనే కరెంటును లోపలికి లాక్కుంటుంది. ఎండిన ఎర్రనేల, దాని కింద రాయి... ఇక ఎర్త్ ఉన్నా పేరుకే. యాంప్లిఫయర్ మీదో, ఫ్రిజ్ తలుపు మీదో చెయ్యి వేస్తే జిల్లుమందంటే నేల పిలుస్తోందన్నమాట!

ఇల్లు కట్టినప్పుడు గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి పూడ్చింది ఇందుకే. వేసవిలో ఆ గోతికి అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి. తాగే నీళ్లే అక్కర్లేదు. వాటర్ ఫిల్టర్ బయటికి వదిలే ఉప్పునీళ్లు చాలు. ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించాలి. బోర్లన్నీ ఒక్కసారిగా ఆడినప్పుడు వోల్టేజీ పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ కూడా ఉంటే మేలు. వీటికయ్యే ఖర్చు ఖరీదైన డాక్ మీద పెట్టేదానికన్నా ఎక్కువ పనికొస్తుంది.

మరి మాస్టారి ఇంట్లో ఏం జరగాలి? పట్టకారు పెట్టెలోకి వెళ్లాలి. ఆప్టికల్ కేబుల్ రావాలి. పెరట్లో నాపరాయి కింద మరుగునపడ్డ ఎర్త్ గొయ్యి మూత తెరవాలి. బిందెడు నీళ్లు పోస్తే గుటగుటా తాగేస్తుందది... ఎన్నేళ్ల దాహమో! ఆ తర్వాత పాట పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని, మాస్టారు తీరిగ్గా వినొచ్చు.