తప్పిన ప్రమాదాలనూ లెక్కపెట్టాలి

ఎడమకు తిరుగుతున్న టిప్పర్ సైకిల్‌ను రాసుకుంటూ పోతుంది. తొక్కుతున్న మనిషి రోడ్డు దిగి, మట్టిలో కాలు మోపి, ఎలాగో నిలదొక్కుకుంటాడు. తృటిలో తప్పిందని చూసినవాళ్లు అనుకుంటారు, అంతటితో సరి. హైదరాబాద్ శివారులోని గండిమైసమ్మ చౌరస్తాలో ఇలాంటివి ఎన్ని జరిగినా ఏ ఠాణా రికార్డులోకీ ఎక్కవు. దెబ్బ తగిలితేనే కేసు, ప్రాణం పోతేనే వార్త.

బాలానగర్ నుంచి బహదూర్‌పల్లి మీదుగా నర్సాపూర్ పోయే రోడ్డు, మియాపూర్ నుంచి మేడ్చల్ పోయే రోడ్డు ఇక్కడే కలుస్తాయి. పక్కనే దుండిగల్ ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు, ఔటర్ రింగ్ రోడ్డుకు పోయే లారీలు, కొత్త అపార్ట్‌మెంట్లకు కంకర మోసే టిప్పర్లు. వీటి మధ్యలో సైకిళ్లు. తొక్కేవాళ్లు వ్యాయామం కోసం తొక్కడం లేదు. బైకు కొనే స్తోమత లేని కూలీలు, సెక్యూరిటీ గార్డులు, బడిపిల్లలు వాళ్లు. 2023 అక్టోబర్‌లో ఔటర్ పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. మంచిదే. కానీ పనికి పోవడానికి సైకిల్ తప్ప దిక్కులేని మనిషికి కావాల్సింది చౌరస్తా దాటే దారి.

ప్రమాదకర స్థలాన్ని గుర్తించే మన పద్ధతిలోనే లోపముంది. జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్ అనాలంటే సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. అంటే శవాలు లెక్కకు వచ్చేదాకా ఇంజినీరు ఆగాలన్నమాట. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయాక కూడా ఈ లెక్కతోనే నడుస్తున్నాం.

దీనికి ప్రత్యామ్నాయం కొత్తదేమీ కాదు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు క్రిస్టర్ హైడెన్ 1987లోనే, ఢీకొన్నవాటితో పాటు ఢీకొనబోయి తప్పినవాటినీ లెక్కించే పద్ధతికి రూపమిచ్చాడు. అప్పట్లో మనుషులు కూడలిలో నిలబడి రాసుకునేవారు. ఇప్పుడు కెమెరా చూస్తుంది, కంప్యూటర్ ఒక్కో వాహనం దారిని గీస్తుంది. సైకిల్ దాటిన చోటికి ఎన్ని సెకన్లలో లారీ వచ్చింది, అప్పుడు దాని వేగమెంత అన్నది తేలుతుంది. అమెరికాలోని బెల్‌వ్యూ నగరం 2019లో అప్పటికే ఉన్న ట్రాఫిక్ కెమెరాలతో 40 కూడళ్లను ఇలా పరిశీలించింది.

అయితే అక్కడి కొలతలను ఇక్కడ అలాగే అతికిస్తే పని జరగదు. సందు దొరికితే దూరడం మన రోడ్ల తీరు. జామ్‌లో ఆటోకు జానెడు దూరంలో సైకిల్ నిలబడటం అపాయం కాదు. ఖాళీ రోడ్డు మీద రాత్రి పదింటికి వేగంగా వచ్చే టిప్పర్ రెండు మీటర్ల దూరం నుంచి పోయినా అపాయమే. కాబట్టి ఎడంతో పాటు వేగాన్నీ, బండి బరువునూ కలిపి తూచాలి. క్యారియర్ మీద మూటలున్న సైకిల్‌ను, రాంగ్ రూట్‌లో వచ్చే సైకిల్‌ను కూడా యంత్రం గుర్తుపట్టాలి. యూ టర్న్ కిలోమీటరు అవతల ఉంటే రాంగ్ రూట్ తప్ప గతి లేదని కూడా ఆ గీతలే చెబుతాయి.

ఈ విద్య మన దగ్గరే ఉంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల దృశ్యాలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారు చేశారు. ఆటోలు, పశువులు, తారులేని రోడ్డు అంచులు అందులో ఉన్నాయి. అదే సంస్థ భాగస్వామిగా నాగ్‌పూర్‌లో మొదలైన ఐరాస్తే ప్రాజెక్టు బస్సులకు కెమెరాలు పెట్టి, ఇంకా బ్లాక్ స్పాట్ కాని ‘గ్రే స్పాట్’లను వెతికింది. మన ఆర్టీసీ బస్సుల్లోకీ ఆ ప్రాజెక్టు వచ్చింది. కానీ బస్సు కెమెరా బస్సు ముందున్నదాన్నే చూస్తుంది. కూడలిని కూడలిలో నిలిచిన కెమెరానే చూడాలి.

2013 నాటి ప్రజా భద్రత చట్టం, ‘నేను సైతం’ పథకం పుణ్యమా అని హైదరాబాద్‌లో కెమెరాలకు కొదవ లేదు. అవి దొంగల్ని పట్టడానికి, చలాన్లు వేయడానికి పనికొస్తున్నాయి. అదే కన్ను రోడ్డు తప్పును ఎందుకు పట్టకూడదు? షరతు ఒక్కటే: ముఖాలు, నంబర్ ప్లేట్లు ఈ లెక్కలో ఉండకూడదు. కదలిక గీతలు తీసుకున్నాక వీడియో చెరిపేయాలి. అప్పుడే పేదవాడి సైకిల్‌కు రక్షణగా వచ్చిన కెమెరా అతడి మీద నిఘాగా మారదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది. నాసి డిజైన్ వల్ల మరణమో అంగవైకల్యమో జరిగితే రోడ్డు కట్టినవారికి లక్ష రూపాయల దాకా జరిమానా. మొత్తం చిన్నదే. అసలు చిక్కు రుజువులో. తప్పు డ్రైవర్‌దో, సైకిల్‌వాడిదో అని తేల్చేస్తే మలుపు ఎంత వెడల్పుగా ఉందో ఎవరూ అడగరు. వారం రోజుల వీడియో ఆ ప్రశ్న అడగగలదు. ఫ్రీ లెఫ్ట్ మలుపును ఇరుకు చేసి, సైకిళ్లకు సిగ్నల్‌లో కొన్ని సెకన్లు ముందు ఇచ్చి, మళ్లీ వారం తీసి పోల్చితే మార్పు కనిపిస్తుంది. దీనికి ఫ్లైఓవర్ అంత ఖర్చు అక్కర్లేదు.

ట్రాఫిక్ పోలీసులు, రోడ్ల శాఖ, ట్రిపుల్ ఐటీ కలిసి ఈ పనిని గండిమైసమ్మతోనే మొదలుపెట్టాలి. వచ్చిన లెక్కలను తెలుగులో, చౌరస్తా పేరుతో ప్రజల ముందు పెట్టాలి.