కాళ్ళు మావి, కప్పు మీదా?

ఆటల్లో కులం లేదంటారు. ఈ మాట అనేవాళ్ళంతా షామియానా కింద కుర్చీల్లో కూర్చునేవాళ్ళే. ఎండలో పరిగెత్తేది మా పిల్లలు.

ఏటా మండలంలో ఉన్న హైస్కూళ్ళన్నీ ఒకచోట చేరి కబడ్డీ, ఖోఖో, పరుగు పందేలు ఆడతాయి. అక్కడ ఏరిన పిల్లలు జిల్లాకు, ఆపైన రాష్ట్రానికి పోవాలి. కాగితం మీద నిచ్చెన బాగానే ఉంది. మొదటి మెట్టే విరగ్గొట్టి పెట్టారు. అదీ నా తగువు.

నేను సోషల్ మాస్టార్ని. మా మాదిగపల్లెలో, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. మా అమ్మ మిరపకాయల కోతకు పోయి చదివించింది. మా బళ్ళో డ్రిల్లు మాస్టారు లేడు. ఆటలకు పిల్లల్ని నేనే తీసుకుపోతా.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటది. ఆట సామాను ఇయ్యాలంటది. కానీ ఆరు నుంచి ఎనిమిది దాకా నూరుమందికి మించి పిల్లలుంటేనే వ్యాయామం నేర్పే మనిషి, అదీ పార్ట్‌టైమ్! మా బోటి చిన్న బడికి ఆ నూరు ఎక్కణ్ణించి వచ్చిద్ది? కామందుల పిల్లలు కాన్వెంటు బస్సెక్కి పోయారు. మిగిలింది మాల మాదిగలు, యానాదులు, బీసీ కూలోళ్ళ పిల్లలు. లెక్క తగ్గించింది వాళ్ళు, శిక్ష మాకు.

ఒక ఏడాది మా బడి పిల్ల నాలుగొందల మీటర్లు వట్టి కాళ్ళతో ఉరికి అందరికంటే ముందొచ్చింది. సాయంత్రం జిల్లా జాబితాలో దాని పేరు లేదు. దాని వెనక వచ్చిన పిల్ల పేరుంది. ఇదేందయ్యా అని అడిగితే, "మీ పిల్లకు బూట్లన్నా లేవు మాస్టారూ, జిల్లాలో ఏం నిలబడిద్ది?" అన్నారు. బూట్లు లేకుండా బూట్లున్నోళ్ళను ఓడించిన పిల్లకు బూట్లు కొనియ్యాలా, పేరు కొట్టెయ్యాలా?

ఇది మా ఒక్క మండలం సంగతా? పల్వంకర్ బాలూ దళితుడు. 1911లో ఇంగ్లండు పోయి నూరుకు పైగా వికెట్లు తీశాడు. అంతటోడికి పూనాలో టీ పెవిలియన్ బయట, మట్టి ముంతలో. హిందూ జట్టుకు కెప్టెన్ని మాత్రం చెయ్యలా. ఆ కాలం పోయిందంటారా? 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా హ్యాట్రిక్ కొట్టింది. సెమీఫైనల్లో జట్టు ఓడగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరెత్తి తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. గెలిస్తే దేశం బిడ్డ. ఓడితే మాల మాదిగ బిడ్డ!

మాకు మెరిట్ లేదని ఇంకా అంటారా? 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకప్పుడు పదమూడేళ్ళు. వరంగల్ కూలోళ్ళ బిడ్డ జీవంజి దీప్తి పరుగును బళ్ళో ఒక వ్యాయామ మాస్టారు కనిపెట్టాడు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో నాలుగొందల మీటర్లకు కాంస్యం తెచ్చింది. మెరిట్ ఆకాశం నుంచి ఊడిపడదు. తిండి, బూట్లు, నేలా, నేర్పే మనిషీ, ఇవన్నీ కలిస్తే దాని పేరు మెరిట్.

మేం బిచ్చం అడగటంలా. మూడు చిన్న బళ్ళకు కలిపైనా ఒక డ్రిల్లు మాస్టార్ని ఇయ్యండి. బస్సు చార్జీలూ బూట్లూ సర్కారే పెట్టాలి. ఎవరు ఎంత టైములో ఉరికారో రాసి, ఎంపిక జాబితా గ్రౌండులోనే గోడకు అంటించాలి.

మిత్రులారా, కాలేజీ సీట్ల లెక్క అడుగుతున్నారు, ఉద్యోగాల లెక్క అడుగుతున్నారు. అడగాల్సిందే. ఈసారి మండలం ఆటలకు కూడా రండి. గీత దగ్గర నిలబడి ఎవరు ముందొచ్చారో మీ నోటుబుక్కులో రాసుకోండి. పొద్దుగూకాక వాళ్ళ జాబితా పక్కన పెట్టి చదవండి. పేరు తప్పిందా, అక్కడే కూర్చోండి. లేవొద్దు.