మోటరు లేస్తే దీపం ఎందుకు వణకాలి?

ట్రాక్టరు నడిపిన మిత్రులందరికీ ఒక సంగతి అనుభవమే. తాళం తిప్పి సెల్ఫ్ కొట్టగానే లైట్లు ఒక్క క్షణం మసకబారుతాయి. పాటలపెట్టె ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి స్టార్టరు మోటరు వందల ఆంపియర్లు గుంజితే వోల్టేజి పడిపోక ఏమౌతుంది? అందుకే తెరచాప పడవల్లో ఇంజను స్టార్టు చేయడానికి ఒక బ్యాటరీ, దారి చూపే పరికరాలకు వేరొక బ్యాటరీ పెట్టుకుంటారు. నడిసముద్రంలో పరికరం ఆరిపోతే ప్రాణానికే ముప్పు కదా!

మన కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలకు సముద్రం లేదు. కాని అదే ముప్పు మన పల్లెల్లో బాయికాడి మోటరు రూపంలో ఉన్నది.

నేను ఎనిమిదో తరగతి చదివేనాటి మాట. అప్పట్లో వ్యవసాయానికి కరెంటు విడతలవారీగా వచ్చేది. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం బాయికాడ ఎవరు కాపలా కాస్తారు? అందుకని అందరూ ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. ఒక రాత్రి కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కపెట్టున లేచాయి. ఇంట్లో బల్బు ఎర్రబడింది, ఆపై భగ్గుమన్నది. మా టీవీ పొగవాసన కొట్టి చల్లబడింది. "ఒక్కొక్కడు జరసేపు ఆగి ఏసుకుంటే ఏంబోయేది బిడ్డా!" అన్నాడు బాపు. మా మోటరుకూ ఆటో స్టార్టరు ఉన్నదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పంట అమ్మినాక స్టెబిలైజరు కొన్నాం. సమస్య తీరిందనుకున్నాం.

తీరలేదని భౌతికశాస్త్రం చదివాక తెలిసింది. ఇండక్షన్ మోటరు మొదలయ్యేటప్పుడు, నడిచేటప్పటి కరెంటుకు అయిదు నుంచి ఏడు రెట్లు తీసుకుంటుంది. అంటే పది మోటర్లు ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద ఆ కొద్ది క్షణాలు యాభై అరవై మోటర్ల భారం పడుతుంది. వోల్టేజి 80 శాతానికి తగ్గితే మోటరు తిప్పుడుబలం 64 శాతానికి పడిపోతుంది. అప్పుడది వేగం అందుకోలేక, ఎక్కువసేపు ఎక్కువ కరెంటు గుంజి, వైండింగు కాల్చుకుంటుంది. నష్టం రైతుదే. ఇక స్టెబిలైజరు సంగతి: లైనులో వోల్టేజి తగ్గినప్పుడు అది మరింత కరెంటు గుంజి మన టీవీని కాపాడుతుంది. ఆ మేరకు స్టెబిలైజరు కొనలేని పొరుగింటి దీపం ఇంకా మసకబారుతుంది. మన రక్షణ పక్కవాడికి భారం కావడం న్యాయమా?

తప్పంతా రైతుదేనని నేననడం లేదు. రాత్రిపూట కరెంటిచ్చిన రోజులే ఆటో స్టార్టరును పుట్టించాయి. చాలినంత శక్తిగల ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం, వ్యవసాయానికీ ఇండ్లకూ లైన్లు వేరుచేయడం విద్యుత్ శాఖ బాధ్యత. 2003లో గుజరాత్ జ్యోతిగ్రామ్ పథకంతో చేపట్టిన పని అదే, పడవలోని రెండు బ్యాటరీల నీతి కూడా అదే. 2,600 మెగావాట్ల రామగుండం కేంద్రం మన గడ్డమీదే ఉన్నది. అయినా ఉత్పత్తి ఒక్కటే చాలదు, ఊరిలోని చివరి తీగ దాకా క్రమం ఉండాలి.

అయితే మన వంతు మాటేమిటి? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే కోరింది. కాని భయం పోయినా అలవాటు పోలేదు. మా ఊళ్ళో ఇప్పటికీ అవి కనిపిస్తాయి. తీయలేనివారు కనీసం టైమరు పెట్టించి, ఒకరి తర్వాత ఒకరి మోటరు లేచేటట్టు కొన్ని క్షణాల తేడా ఉంచుకోవచ్చు. పెద్ద మోటర్లకు స్టార్-డెల్టా స్టార్టరు సరిగా వాడితే మొదటి గుంజుడు మూడోవంతుకు తగ్గుతుంది. తగిన కెపాసిటరు ఉంటే నడిచేటప్పుడు లైనుమీద భారం తగ్గుతుంది. ఇవన్నీ తెలిసిన ఎలక్ట్రీషియనుతో చేయించవలసిన పనులేగాని మనం చేయి పెట్టవలసినవి కావు.

విద్యార్థి మిత్రులారా! పరీక్ష కాగితం మీద మనం రాసే ఈ సూత్రాలు బాయిగడ్డ దాకా పోకపోతే ఆ చదువు ఎవరికోసం? సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులనైనా కూర్చోబెట్టి మాట్లాడుదాం. వచ్చే సంక్రాంతికి నేను మొదట విప్పించబోయేది మా బాపు ఆటో స్టార్టరునే.